కొత్తవాడ దర్రీలకు ఏఐ డిజైన్లు: బొమ్మకు రెండు స్టార్లు, గ్రాఫుకు నాలుగు

బొమ్మలు గీయించుకోవడానికే అయితే నేను డబ్బు కట్టి వాడుతున్న ఏఐ సేవకు రెండు స్టార్ల కంటే ఎక్కువ ఇవ్వను. గ్రాఫు (నేతకు వాడే గళ్ళ నమూనా) వేయడానికి, లెక్కలు తీయడానికి, డిజైను గురించి ఎదురుబొదురుగా మాట్లాడుకోవడానికి అయితే నాలుగు ఇస్తాను. ఈ తేడా తెలియక మా వైపు కొందరు నాలుగు బొమ్మలు తీయించి చూసి, ఇది మనకు పనికిరాదని వదిలేస్తున్నారు. వాళ్ళ కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది వరంగల్ కొత్తవాడ. బాపు (మా నాన్న) దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు, నేస్తాడు, అమ్మ నూలు కండెలు చుడుతుంది, రంగులు చూస్తుంది. నేను హన్మకొండలో డిగ్రీలో కంప్యూటర్స్ చదివాను. ఇప్పుడు ఇంటి దర్రీలకు గ్రాఫులు వేయడం, ఆర్డర్లు మాట్లాడుకోవడం నా పని. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (ఒక ప్రాంతపు సరుకుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చాక పేరు కొంత బయటికి తెలిసింది. ఆర్డరు ఇచ్చేవాళ్ళు మాత్రం ‘పాత డిజైన్లే ఉన్నాయా, కొత్తవి లేవా’ అని అడుగుతూనే ఉంటారు. అందుకే నెలకు రెండు వేల దాకా పెట్టి ఒక ఏఐ సేవ తీసుకున్నాను. మాట్లాడుతుంది, బొమ్మ గీస్తుంది, చిన్న ప్రోగ్రాములు రాస్తుంది. పేరు రాయడం లేదు. ఈ రకం సేవలు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఉచితంగా దొరికే ఒకటి రెండు కూడా పక్కన పెట్టి చూశాను. మా పని వరకు వాటి మంచీ చెడూ దాదాపు ఒకేలా ఉన్నాయి.

ముందు బొమ్మల సంగతి. లక్నవరం రోడ్డులో హోమ్‌స్టే పెడుతున్న ఒకాయన 4×6 అడుగుల దర్రీలు కావాలన్నాడు, వాటి మీద రామప్ప గుడి కనబడాలన్నాడు. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. గణపతిదేవుడి కాలంలో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి చుట్టుపక్కల ప్రతి హోటలుకూ రామప్ప కావాలి. నాకు గుడి మొత్తం వద్దనిపించింది. గుడి నిలబడ్డ అరుగు ఉంది కదా, ఆరడుగుల ఎత్తున నక్షత్రం ఆకారంలో ఉంటుంది. దాని అంచు మూలలు మూలలుగా లోపలికీ బయటికీ పోతుంది. ఆ అంచునే దర్రీ మధ్యలోకి తెద్దామని ఏఐని బొమ్మ అడిగాను.

వచ్చిన బొమ్మ చూడడానికి నిజంగా బాగుంది. గోడకు కట్టుకునే క్యాలెండరుకైతే సరిపోతుంది. దర్రీకి పనికిరాదు. నక్షత్రం చుట్టూ గుండ్రటి తీగలు, నీడలు, ఒక ఎరుపులోంచి ఇంకో ఎరుపులోకి జారిపోయే రంగులు. అంచులో ఎడమ వైపు పూలు ఎన్ని ఉన్నాయో కుడి వైపు అన్ని లేవు. బాపుకు చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. “సూడ సక్కగున్నది బిడ్డా, గని నెయ్యరాదు. గీ గుండ్రటి గీత మగ్గం మీద ఎట్ల వస్తది? మెట్లు మెట్లుగ రావాలె” అన్నాడు.

ఎందుకు నేయరాదో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మా ఇంటర్‌లాక్ దర్రీలో బొమ్మ మొత్తం పేకలోనే, అంటే అడ్డంగా నేసే పోగుల్లోనే వస్తుంది. ఒకే వరుసలో ఎరుపు, తెలుపు, నలుపు పక్కపక్కన ఉంటే మూడింటికీ వేరు వేరు కండెలు ఉండాలి. ఒక రంగు ఆగి ఇంకో రంగు మొదలయ్యే చోట రెండు పోగులనూ ఒకదానితో ఒకటి మెలేయాలి. లేకపోతే అక్కడ చీలిక పడుతుంది. రంగు మారే గీత నిలువుగా పొడుగ్గా పోతే ప్రతి వరుసలో అదే చోట మెలేస్తూ పోవాలి. అదే గీత ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోతే చేతికి సులువు. అంటే డిజైను అందం ఒక లెక్క, అది నేతగాడి చేతిలో ఎంతసేపు ఉంటుందన్నది ఇంకో లెక్క. బొమ్మ గీసే ఏఐకి రెండో లెక్క అసలు తెలియదు. మొదట అంతా చుక్కల గందరగోళంగా ఉన్న తెరను, మనం రాసిన మాటలకు దగ్గరగా వచ్చేలా కొంచెం కొంచెం సర్దుకుంటూ పోవడం ఇలాంటి చాలావాటి పద్ధతి. ఎన్ని పూలు, ఎన్ని గళ్ళు అని లెక్కపెట్టుకుంటూ గీయదు. “కరెక్టుగా 120 గళ్ళు గీయి” అని అడిగితే గళ్ళలాంటివి గీసి ఇస్తుంది. దగ్గరికి జరిపి చూస్తే ఒక గడి లావు, ఒకటి సన్నం.

పని దారిలో పడింది బొమ్మ అడగడం మానేసి, గ్రాఫు వేసే చిన్న ప్రోగ్రాము రాయమని అడిగినప్పుడు. మా షరతులన్నీ తెలుగులోనే రాశాను. వెడల్పు 120 గళ్ళు, పొడవు 180. మా గ్రాఫులో ఒక గడి అంటే నాలుగు పడుగు (నిలువు) పోగులు. రంగులు ఏడు, అంతకు మించి వద్దు. ఒక వరుసలో తొమ్మిది కంటే ఎక్కువ రంగు ముక్కలు రాకూడదు. నిలువు గీత ఆరు గళ్ళు దాటి తిన్నగా పోకూడదు, ఆలోపు ఒక మెట్టు పడాలి. మధ్యలో రామప్ప అరుగు అంచు. ఏఐ వెంటనే ప్రోగ్రాము రాయలేదు, ముందు ప్రశ్నలు అడిగింది. డిజైను ఎడమ కుడి మాత్రమే అద్దంలా ఉండాలా, పైనా కిందా కూడానా? తొమ్మిది ముక్కలన్న షరతు బార్డరుతో కలిపా, బార్డరు వదిలేసా? రెండోది నేను అనుకోనే లేదు. బార్డరే రెండు వైపులా నాలుగు ముక్కలు తినేస్తుంది. బాపును అడిగితే “కలిపే” అన్నాడు.

ప్రోగ్రాము నా లాప్‌టాప్‌లో నడిచింది. గ్రాఫు వచ్చింది, పక్కనే ఏ వరుసలో ఎన్ని ముక్కలో లెక్క వచ్చింది. నక్షత్రం నడుము దగ్గర షరతు దాటింది, అక్కడ పదమూడు. తగ్గించే దారులు చెప్పమని అడిగాను. మూడు చెప్పింది. రెండు మామూలువే. అంచు సన్నం చేయొచ్చు, లేదా నక్షత్రం చిన్నది చేయొచ్చు. మూడోది ఇదీ: నక్షత్రం లోపల ఉన్న చిన్న ఆకారాలన్నీ తీసేసి, నక్షత్రానికి పైనా కిందా దర్రీ వెడల్పంతా అడ్డ పట్టీలతో నింపండి, అడ్డ పట్టీకి వరుసకు ఒక్క కండె చాలు కాబట్టి పని తగ్గుతుంది, నక్షత్రం ఒక్కటే ఉంటే కంటికి ఆనుతుంది కూడా.

అడ్డ పట్టీలు మాకు కొత్త కాదు. దర్రీ అంటేనే పట్టీలు. సాదా రకం అనుకుని మేమే ఖరీదైన ఆర్డర్లలో వాటిని వదిలేశాం. బాపు ఆ గ్రాఫు చూసి, “పట్టీలు మా నాయిన కాలం నుంచి నేసుడే. గని చుక్క పక్కకు తెచ్చుడు నాకు తోచలే” అన్నాడు. అంతటితో ఆగలేదు. పట్టీలన్నీ ఒకే వెడల్పులో ఉంటే తనకు నచ్చలేదు. కొసల్లో వెడల్పుగా మొదలై నక్షత్రం దగ్గరికి వచ్చేకొద్దీ సన్నబడాలన్నాడు. చాక్‌పీసుతో నేల మీద గీసి చూపించాడు. నేను దాన్ని ఫోటో తీసి ఏఐకి ఇచ్చాను. పట్టీల వెడల్పులు 12, 9, 7, 5, 3, 2 గళ్ళుగా పెట్టి ఇచ్చింది. బాపు 7ను 6 చేయించాడు. ఇప్పుడు ఆ డిజైను ఎవరిదని అడిగితే నా సమాధానం: ఆకారం రామప్ప కట్టినవాళ్ళది, పట్టీలు పక్కకు తెద్దామన్న సూచన ఏఐది, సన్నబడాలన్నది బాపుది, వీటన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టింది నేను. ఏ ఒక్కరిని తీసేసినా ఇది రాదు. కొనేవాళ్ళకు కూడా ఇలాగే చెప్తున్నాను, దాచిపెట్టడం లేదు.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఆ తర్వాత జరిగింది. చిన్న మచ్చు ముక్క నేస్తే నక్షత్రం కొంచెం చప్పిడిగా, పై నుంచి నొక్కినట్టు వచ్చింది. గ్రాఫులో గడి చదరంగానే ఉంది, మగ్గం మీద కాదు. పేకను గట్టిగా కొట్టే చేయి ఒకరిది, మెత్తగా కొట్టే చేయి ఇంకొకరిది. బాపు గట్టిగా కొడతాడు, అందుకే మా దర్రీలు ఏళ్ళ తరబడి వాడినా వదులు కావు. ఈ సంగతి ఏఐకి చెప్తే, మచ్చు ముక్కను స్కేలుతో కొలిచి పొడవు వెడల్పులు ఇవ్వమంది. ఆ నిష్పత్తిని ప్రోగ్రాములో ఒక అంకెగా పెట్టింది. దానికి నేను ‘బాపు చేయి’ అని పేరు పెట్టాను. మా పెదనాన్న నేసినప్పుడు ఇంకో అంకె. ఇప్పుడు ఒకే డిజైనుకు ఎవరు నేస్తే వాళ్ళ చేతికి తగ్గ గ్రాఫు వస్తుంది. ఇన్నాళ్ళూ బాపు వాళ్ళు ఈ తేడాను మనసులోనే లెక్కేసుకుని, గ్రాఫులో లేని వరుసలు కలుపుకుంటూ నేసేవాళ్ళు. ఆ పనితనం ఎక్కడా రాసి ఉండేది కాదు.

గ్రాఫు చదవడం కూడా మారింది. మగ్గం మీద కూర్చున్నప్పుడు నేసిన బట్ట చుట్టుకుపోతుంది, డిజైను మొత్తం కనబడదు, వరుస వరుసే చూసుకోవాలి. బాపుకు చిన్న గళ్ళు కనబడడం కష్టమవుతోంది. అందుకని ప్రోగ్రాము ప్రతి వరుసనూ మాటల్లో రాసి ఇస్తుంది: ఎరుపు 14, తెలుపు 6, నలుపు 20, తెలుపు 40, నలుపు 20, తెలుపు 6, ఎరుపు 14. ఫోను దాన్ని తెలుగులో చదువుతుంది, బాపు వింటూ నేస్తాడు. ఇక్కడ ఒక జాగ్రత్త. వరుసల లెక్కను ప్రోగ్రాముతోనే రాయించండి, చాట్‌లో నేరుగా అడగొద్దు. చాట్‌లో రాయిస్తే ఒక వరుస కూడిక 118 వచ్చింది, ఇంకోటి 122. చూడడానికి మాత్రం అచ్చం సరైనదానిలాగే ఉంటుంది. ప్రోగ్రాము ప్రతి వరుసనూ కూడి 120 రాకపోతే ఆగిపోయేలా రాయించుకున్నాను, ఆ తర్వాత తప్పు రాలేదు.

ఈ లెక్కకు ఇంకో ఉపయోగం ఉంది, ఇది నేతపని చేసే ప్రతి ఇల్లూ వినాలి. మా దగ్గర కూలి ఎక్కువగా దర్రీ సైజును బట్టే మాట్లాడతారు. పట్టీల దర్రీకీ, వరుసకు తొమ్మిది కండెలు మార్చే దర్రీకీ సైజు ఒకటే కావచ్చు, పని ఒకటి కాదు. ఇప్పుడు ఒక డిజైనులో రంగు ఎన్నిసార్లు మారుతుందో, ఎన్ని మెలికలు పడతాయో కాగితం మీద చూపించగలుగుతున్నాను. మాకు ఆర్డరు ఇచ్చే వ్యాపారి ఒకాయన ఆ కాగితం చూసి బరువు డిజైన్లకు వేరే రేటు ఒప్పుకున్నాడు. ఇంతకుముందు “పని ఎక్కువైతది సేటూ” అంటే వినేవాడు కాదు. డిజైను కంటే ముందు ఈ ఒక్క లెక్క కోసమే ఈ సేవ తీసుకోమని చెప్తాను.

రంగుల దగ్గర మాత్రం అమ్మను దాటి పోలేదు, పోకూడదు కూడా. తెర మీద కనబడే మెరూన్ నూలు మీద రాదు. అద్దకం వేసిన నూలు చిలపలను (నూలు కట్టలను) మధ్యాహ్నం వెలుగులో వాకిట్లో పెట్టి ఫోటోలు తీసి, ఆ ఏడు రంగులే వాడమని ఏఐకి ఇచ్చాను. అయినా నలుపు పక్కన ముదురు నీలం పెట్టింది, నూలులో రెండూ కలిసిపోతాయి. అమ్మ చిలపలు రెండూ పక్కపక్కన పట్టుకుని చూపించి మార్పించింది. ఈ మధ్య చదివిన ఒక విషయం ఇక్కడ గుర్తొచ్చింది. హెరాల్డ్ కోహెన్ అనే ఇంగ్లండు చిత్రకారుడు 1970లలోనే ‘ఆరన్’ అనే ప్రోగ్రాము రాసి దానితో బొమ్మలు గీయించాడు. మొదటి కాలంలో గీతలు యంత్రానివి, రంగులు ఆయన చేతివి. తర్వాత దానికి రంగులు కూడా నేర్పాడు, 2016లో పోయేదాకా దానితోనే పనిచేశాడు. మా ఇంట్లో రంగులు ఇప్పటికీ అమ్మ చేతిలోనే ఉన్నాయి, అక్కడే ఉండాలని నా కోరిక.

కంప్యూటరుకూ మగ్గానికీ ఉన్న చుట్టరికం కొత్తది కాదని మా ఇంట్లో అందరికీ చెప్పాను. జకార్డ్ మగ్గం 1804 నాటిది. చిల్లులు పడ్డ అట్టలు ఏ పోగు లేవాలో చెప్తాయి. చార్లెస్ బాబేజ్ తాను ఊహించిన లెక్కల యంత్రానికి ఆ అట్టల పద్ధతినే తీసుకున్నాడు. 1843లో ఏడా లవ్‌లేస్ దాని గురించి రాస్తూ, జకార్డ్ మగ్గం పూలూ ఆకులూ నేసినట్టు ఈ యంత్రం బీజగణితపు నమూనాలు నేస్తుందని చెప్పింది. ఆ యంత్రం తనంతట తాను కొత్తది పుట్టించదని, మనం చెప్పగలిగినదే చేస్తుందని కూడా రాసింది. పట్టీల సూచన చూశాక ఆ రెండో మాట నేటి ఏఐకి పూర్తిగా సరిపోదని నాకు అనిపిస్తోంది. కానీ మూడు సూచనల్లో ఏది మంచిదో అది తేల్చలేదు, మూడింటినీ ఒకే ఉత్సాహంతో పొగిడింది. తేల్చింది బాపు. నేసిన చేతికే అది తెలుస్తుంది.

ఇక నాకు కోపం తెప్పించిన విషయాలు. దర్రీతో పాటు పెట్టే కార్డు మీద నాలుగు లైన్లు రాయమంటే, కొత్తవాడ దర్రీలను కాకతీయ రాజులు పోషించారని రాసింది. ఆధారం ఏదని అడిగితే క్షమాపణ చెప్పి ఇంకో కథ రాసింది. మన ఊరి చరిత్ర గురించి కొనేవాళ్ళకు అబద్ధం చెప్పే హక్కు మనకు లేదు. ఆ కార్డులో జీఐ సంగతి, నేసినవాళ్ళ పేరు, నూలు రకం తప్ప మిగతావి తీసేశాను. ఇలాంటివి ఏఐ రాసినవి రాసినట్టు ఎవరూ అచ్చు వేయించొద్దు.

తెలుగులో ఎక్కువసేపు మాట్లాడితే వాడకం పరిమితి తొందరగా అయిపోతుంది. తెలుగు మాటలను ఈ యంత్రాలు ఇంగ్లీషు కంటే ఎక్కువ ముక్కలుగా విరగ్గొట్టి చదువుతాయి, అదే కారణం. బాపు మాట్లాడే యాసను మైకు సరిగా పట్టుకోదు, నేను మళ్ళీ టైపు చేయాల్సి వస్తుంది. నిజంగా పనిచేయాల్సిన మనిషి నేరుగా దానితో మాట్లాడలేకపోవడం పెద్ద లోపం. స్టారు తగ్గించింది దీనికే.

పాత డిజైన్ల ఫోటోలు పెట్టే ముందు సెట్టింగుల్లోకి వెళ్ళి, మన మాటలూ ఫోటోలూ మోడలుకు నేర్పించడానికి వాడుకోవద్దన్న ఆప్షన్ పెట్టుకోండి. బాపు దగ్గర తాత నాటి గ్రాఫులు కొన్ని ఉన్నాయి, వాటిని నేను అసలు ఎక్కించలేదు. హక్కుల సంగతి కూడా తెలుసుకున్నాను. మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో, కంప్యూటరు తయారుచేసిన రచనకూ కళకూ, దాన్ని తయారు చేయించిన మనిషే కర్త అని పెట్టారు. అమెరికాలో మాత్రం 2023లో ఒక బొమ్మల పుస్తకంలో ఏఐ గీసిన బొమ్మలకు అక్కడి కాపీరైట్ ఆఫీసు రక్షణ ఇవ్వలేదు. అందుకే నేను ప్రతి డిజైనుకూ బాపు చాక్‌పీసు గీతల ఫోటో, మచ్చు ముక్క, మార్చిన గ్రాఫులు అన్నీ తేదీలతో దాచిపెడుతున్నాను. మనుషుల చేయి ఎక్కడెక్కడ పడిందో అవి చూపిస్తాయి.

హోమ్‌స్టే ఆయన దర్రీలు తీసుకున్నాడు, ఇంకో గదికి కావాలన్నాడు. ఈసారి ఖిలా వరంగల్ తోరణం అడిగాడు. దాని నిలువు స్తంభాలు మా ఆరు గళ్ళ షరతును దాటుతాయి, బాపూ ఏఐ ఇంకా తేల్చలేదు.

ఈ ఏఐ సేవ కొనేవాళ్ళకు నా సలహా. మొదట ఉచిత ప్లాన్‌లోనే మొదలుపెట్టండి, గ్రాఫు ప్రోగ్రాము దానితో కూడా రాయించుకోవచ్చు. ఒకసారి రాయించుకున్న ప్రోగ్రాము మీ లాప్‌టాప్‌లో నెట్ లేకుండానే నడుస్తుంది. డబ్బు కట్టే ప్లాన్ కావాలంటే నెలకు నెల తీసుకోండి, ఏడాదికి ఒకేసారి కట్టొద్దు. మాకు కొత్త డిజైన్ల పని ప్రతి నెలా ఉండదు, ఆర్డరు వచ్చిన నెల కట్టి, లేని నెల ఆపేస్తున్నాను. నేతగాళ్ళ సొసైటీలో పది ఇళ్ళు కలిసి ఒక లాప్‌టాప్, గ్రాఫు వేయడం తెలిసిన ఒక పిల్లనో పిల్లగాణ్ణో పెట్టుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది.